అడిగితేనే ఇవ్వండి

మేస్త్రి నోటికి ఉన్న పేరు ఆయన వంటకి కూడా లేదు. వంట బాగుండేది, అది వేరే సంగతి. కానీ మెస్ వెనక వంటగదిలో ఆయన గొంతెత్తితే వీధి మలుపు దాకా వినిపించేది. "మంట తగ్గించు, ఉప్పు పట్రా, ఆ గిన్నె అక్కడ పెట్టిన మహానుభావుడెవరు" అని పొద్దున అందుకుంటే, మధ్యాహ్నం చివరి విస్తరి లేచేదాకా ఆగేవాడు కాదు. ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన భార్య మాత్రం డబ్బులు తీసుకుంటూ, "ఒక్క పూట ఆ నోటికి సెలవు దొరికితే నా చెవులు చల్లబడతాయి" అని అందరితోనూ అంటుండేది.

సెలవు దొరికింది. ఆ మాట ఎందుకన్నానా అని ఆవిడ తర్వాత చాలాసార్లు ఏడ్చింది.

ఒక పొద్దున మేస్త్రి మొహం కడుక్కుని, తువ్వాలు ఇమ్మనబోయి "పడవ ఇయ్యి" అన్నాడు. వేళాకోళం అనుకుని ఆవిడ "తెడ్డు కూడా కావాలా" అంది. ఆయన నవ్వలేదు. మధ్యాహ్నానికి ఆ పడవ కూడా రాలేదు. మెదడులో ఒక సన్నటి నరం మూసుకుపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి, రుచి తెలుస్తోంది, ఎవరేమన్నా అర్థమవుతోంది. పోయింది మాట ఒక్కటే.

"మాటలన్నీ లోపలే ఉన్నాయమ్మా," అంది డాక్టరు. "బయటికొచ్చే దారి చెదిరిపోయింది. మీరు అందించొద్దు. ఎంతసేపైనా సరే, ఆయన్నే వెతుక్కోనివ్వండి."

వెతుక్కోగా మేస్త్రికి దొరికిన మాట ఒక్కటే: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. మామూలు మనుషులు కూడా రోజులో సగం పనులు ఆ ఒక్క మాటతోనే నడిపిస్తారు కాబట్టి, మొదట్లో ఇంట్లో పెద్ద ఇబ్బంది రాలేదు. ఒంట్లో కాస్త సత్తువ చేరగానే ఆయన ఏప్రన్ కట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. వండడానికి చేతులు చాలుగా అనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు.

చాలలేదు. ఒకరోజు పొయ్యి మీద బాణలిలో నూనె కాగుతోంది. భార్య వీపు అటు పెట్టి గిన్నెలు సర్దుతోంది. బాణలి ఒక పక్కకి ఒరగడం మేస్త్రి గది అవతలి నుంచి చూశాడు. జరుగు అని అరవాలి. ఆ మాట నోటి దాకా వచ్చి, పళ్ళ వెనక ఇరుక్కుపోయింది. "అదే, అదే" అని మాత్రం అరిచాడు. ఏది కావాలో ఇద్దామని ఆవిడ నెమ్మదిగా ఇటు తిరిగి, "ఏదయ్యా?" అంది. నూనె ఆవిడ మోచేతి నుంచి మణికట్టు దాకా పడింది.

ఆ సాయంత్రం మేస్త్రి ఏప్రన్ విప్పి తలుపు వెనక మేకుకి తగిలించాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనే తగిలించాడు. కట్టు కట్టించుకుని వచ్చిన భార్య దాన్ని చూసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దాన్నక్కడ శాశ్వతంగా ఉంచుదామనుకుంటున్నావా?" అంది. "అలా కుదరదు. సంతకి ఒక్కడివే వెళ్ళు. వేలు పెట్టి చూపించకుండా, అదే అనకుండా, నోటితో అడిగి సరుకు తే. తెచ్చిన రోజు పొయ్యి నీది. అప్పటిదాకా మా తమ్ముడు చూసుకుంటాడు."

తమ్ముడు చూసుకున్నాడు, పాపం. ఆ బావమరిది సైకిళ్ళు బాగుచేయడంలో దిట్ట. అతని వంట తిన్నవాళ్ళు అన్నం కన్నా మంచినీళ్ళు ఎక్కువ తీసుకునేవాళ్ళు. ఎవరైనా మొహం చిట్లిస్తే, "ఇంకో వారం ఓపిక పట్టండి, మా బావ వస్తాడు" అని తనే బతిమాలుకునేవాడు. మేస్త్రి ఆ మాటలన్నీ గది లోపల మంచం మీద కూర్చుని వినేవాడు.

సంత వారానికొకసారి, రైలు పట్టాల పక్కన పాత గిడ్డంగిలో జరుగుతుంది. పండించినవాళ్ళు, చేతుల్తో చేసినవాళ్ళు తప్ప మధ్యవాళ్ళెవరూ అక్కడ అమ్మడానికి లేదు. అందుకే ముల్లంగికి మట్టి ఉంటుంది, కుండల మీద వేలిముద్రలుంటాయి, అమ్మేవాళ్ళకి తమ సరుకు మీద ఈగ వాలినా కోపమొస్తుంది. పాత ఖాతాదార్లకి అక్కడ ఒక మర్యాద ఉంది. వాళ్ళు ఏమీ అడగనక్కర్లేదు. వచ్చి సంచీ పడేసి, టీ తాగి వస్తే చాలు, సంచీ నిండి ఉంటుంది. నీకేం కావాలో నాకు తెలుసు అని అమ్మేవాళ్ళు, నువ్వేం వేస్తావో నాకు తెలుసు అని కొనేవాళ్ళు, ఇద్దరూ గొప్పలు పోతారు. ఆ మర్యాద సంపాదించడానికి మేస్త్రికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడదే మెడకి చుట్టుకుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు తిన్నగా ఉల్లిపాయల పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. దారంతా ఆ మాటనే నెమరేసుకుంటూ వచ్చాడు. నోరు తెరిచి "ఉ" అన్నాడో లేదో, పెద్దాయన సంచీ లాక్కున్నాడు.

"తెలుసయ్యా, తెలుసు. నువ్వు కష్టపడకు," అంటూ మంచి మంచి గడ్డలు ఏరి సంచీలో పోశాడు. "మనిషివి లేచి తిరుగుతున్నావు, అదే పదివేలు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత ప్రేమగా ఇచ్చేవాడి మీద కోప్పడటం ఎలాగో మేస్త్రికి తెలియలేదు. తల వంచుకుని ఆకుకూరలావిడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పరిస్థితి ఇంకా ఘోరం. ఆవిడకి అసలే నోరు కుదురుగా ఉండదు.

"ఏం కావాలన్నా? తోటకూరా? మెంతికూరా? చుక్కకూరా?" అని ఆవిడ మొదలుపెట్టింది. పక్కన వంకాయలాయన "బచ్చలేమో అడుగు" అన్నాడు. వెనక నిలబడ్డ ఎవరో "పుదీనా" అన్నారు. పొడుపుకథ విప్పుతున్నట్టు తలా ఒకటి అంటున్నారు. మధ్యలో ఎవరో పాలకూర అనేసరికి మేస్త్రి గబుక్కున తలూపాడు. ఊపిన మరుక్షణమే తనమీద తనకి ఒళ్ళు మండింది. ఆవిడ గెలిచినట్టు నవ్వి, పాలకూర కట్టలు వేసి, ఎప్పటిలాగే పైన ఒక కొత్తిమీర కట్ట కొసరు పడేసింది.

ఇక మిగిలింది తనెవరో తెలియనివాళ్ళు. కిటికీ దగ్గర కొత్తగా వచ్చిన గరిటెలతను కింద చెక్కపొట్టు పరుచుకుని కూర్చున్నాడు. మేస్త్రి ఒక పొడుగు గరిటె చేతిలోకి తీసుకుని, దాని పేరు కోసం లోపలంతా వెతకడం మొదలుపెట్టాడు. ఈ మౌనం చూసి గరిటెలతనికి గుండె జారింది. ఎవరో కొమ్ములు తిరిగిన బేరగాడు అనుకున్నాడు. ఒక ధర చెప్పాడు. మేస్త్రి కళ్ళు చిట్లించి గరిటెనే చూస్తున్నాడు. అతను ధర తగ్గించాడు. మేస్త్రి పెదాలు కదిపి మళ్ళీ ఆగిపోయాడు.

"గట్టి కర్రండీ. కాలదు, పగలదు. సరే, ఇంకాస్త తగ్గించుకుంటా," అన్నాడతను. ఇంకాస్సేపటికి చేతులెత్తేశాడు. "మీతో వేగలేనండీ. మీకు తోచింది ఇచ్చి పట్టుకెళ్ళండి."

నోరున్న రోజుల్లో మేస్త్రికి ఏనాడూ అంత బేరం కుదరలేదు.

నిండు సంచీతో, ఖాళీ నోటితో ఇంటికొచ్చాడు. భార్య సంచీ చూసి, మనిషిని చూసి, "వీటిలో ఎన్ని అడిగావు?" అంది. ఆయన కిందికి చూశాడు. "గరిటె కూడా నోరు తెరవకుండానే కొన్నావా?" ఆయన తలూపాడు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

బావమరిది గడప దగ్గరే నిలబడ్డాడు. "అక్కా, ఒక మాట చెప్తాను, బావా నువ్వూ విను. నావల్ల కావట్లేదు. ఉన్న నాలుగు బేరాలూ పోయేలా ఉన్నాయి. పెద్ద హోటల్లో చేసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. వచ్చే సంత రోజున వచ్చి చూస్తానన్నాడు. కుదిరితే ఆ పూట నుంచే చేస్తాడు."

"రమ్మను," అంది భార్య. "ఆ రోజు ఈయన సంచీ చూశాకే ఏదైనా మాట్లాడతాను."

"చీటీ రాసిస్తాలే బావా, చూపిస్తే సరిపోతుంది," అన్నాడు బావమరిది, జాలి ఆపుకోలేక. మేస్త్రి అతనివైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి మాటలక్కర్లేదు. బావమరిది మళ్ళీ చీటీ ఎత్తలేదు.

ఆ వారం ఇల్లంతా మేస్త్రి గొణుగుడుతో నిండిపోయింది. స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటూ ఉల్లిపాయ, పెరట్లో బట్టలు ఆరేస్తూ పాలకూర. బట్టల తీగ దగ్గర మాట ఒకసారి వచ్చి రెండోసారి జారిపోయేది. ఉల్లిపాయ అనబోతే ఉత్తరం వచ్చేది, ఊయల వచ్చేది. ఎవరూ వినట్లేదనుకుని ఆయన గోడని పట్టుకుని తల బాదుకున్నాడు కూడా. భార్య కిటికీలోంచి చూసింది. డాక్టరు అందించొద్దంది కదా అని, పెదవి కరుచుకుని పక్కకి తప్పుకుంది. ఆవిడకి ఆ వారంలో అంతకన్నా కష్టమైన పని లేదు.

సంత రోజు వచ్చింది. మేస్త్రి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. వంట పోయిన మేస్త్రి ఏం చేస్తాడు? మంచం మీద కూర్చుని ఇంకొకడి తాలింపు వాసన పీలుస్తాడు. అలా బతకడం తనవల్ల కాదని ఆయనకి స్పష్టంగా తెలుసు.

ఉల్లిపాయల పెద్దాయన దూరం నుంచే చెయ్యి ఊపాడు. మేస్త్రి వెళ్ళేసరికి సంచీ లాక్కుని, నింపి, మూతి కూడా బిగించి చేతికిచ్చాడు. మేస్త్రి ఆ సంచీ తీసుకుని, మూతి విప్పి, ఉల్లిపాయలన్నీ తిరిగి కుప్ప మీద గుమ్మరించాడు.

పక్క కొట్లవాళ్ళు ఇటు తిరిగారు. సరుకు తిరగ్గొట్టడం కన్నా పెద్ద అవమానం ఆ సంతలో లేదు.

"ఏం మేస్త్రీ," అన్నాడు పెద్దాయన, మొహం మాడ్చుకుని. "నా పాయలు బాగాలేవా? ఇన్నేళ్ళలో ఒక్కటి కుళ్ళింది ఇచ్చానా నీకు?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఉల్లిపాయని కాదు, తన నోటిని చూపించుకున్నాడు. తర్వాత అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు పట్టుకున్నాడు. ఖాళీ సంచీ ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

పెద్దాయన కాసేపు ఆ చెయ్యినీ, ఆ మొహాన్నీ చూశాడు. ఏం అర్థమైందో, వెనక్కి వెళ్ళి తిరగేసిన గంప మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు. "ఏం కావాలి?"

తెలిసిన కొట్టులో ఎవరూ అడగని ప్రశ్న అది.

వెనక మనుషులు పోగవుతున్నారు. "ఉల్లిపాయలే కదండీ, ఇచ్చి పంపెయ్యండి," అంది ఒకావిడ. పెద్దాయన ఆవిడవైపు తిరగను కూడా తిరగలేదు. "ఆయన ఇంకా అడగలేదమ్మా," అన్నాడు. "అడగందే ఎలా ఇస్తాను?"

మేస్త్రి పెదాలు తడుపుకున్నాడు. మాట కోసం వెతికాడు. "వం," అన్నాడు. "వంకాయ."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. "వంకాయలు నా దగ్గర లేవు మేస్త్రీ. పక్కాయన దగ్గరున్నాయి. నా దగ్గర నేను పండించిందే ఉంటుంది," అన్నాడు, మొదటిసారి వచ్చిన ఖాతాదారుకి చెప్పినట్టు.

ఆ మాటతో మేస్త్రికి ధైర్యం వచ్చింది. తప్పు చెప్పినా ఆకాశం ఊడిపడలేదు. కళ్ళు మూసుకున్నాడు. చెమట చెంపల మీదుగా కారి చొక్కా మీద పడుతోంది. ఉత్తరం వచ్చింది, తోసేశాడు. ఊయల వచ్చింది, దాన్నీ తోసేశాడు. వెనకావిడ విసుక్కుని వెళ్ళిపోయింది. వెళ్ళనీ అనుకున్నాడు. ఈ గిడ్డంగి మూసేదాకా నిలబడాల్సి వచ్చినా, మాట తీసుకోకుండా కదిలేది లేదనుకున్నాడు.

"ఉల్లి," అన్నాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. "ఉల్లిపాయలు."

పెద్దాయన గంప మీంచి లేచాడు. గొంతు కాస్త బొంగురుపోయినా బేరం ధోరణి వదల్లేదు. "ఎన్ని కిలోలు?"

మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. దీనికి ఆయన సిద్ధపడి రాలేదు. అంకె ఒంటరిగా ఎంత పిలిచినా రాలేదు. చివరికి చిన్నప్పుడు బడిలో అప్పజెప్పినట్టు వేళ్ళు ముడుస్తూ మొదట్నుంచి అందుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." ఐదు దగ్గర గట్టిగా ఆగి, చెయ్యి బల్ల మీద కొట్టాడు.

"ఐదు," అన్నాడు పెద్దాయన, తూకం రాళ్ళు తీస్తూ.

సంగతి మేస్త్రి కన్నా ముందే ఆకుకూరలావిడ దగ్గరికి చేరిపోయింది. ఆయన వచ్చేసరికి ఆవిడ రెండు చేతులతో తన నోరే మూసుకుని నిలబడి ఉంది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ సంతలో ఎవరూ చూడలేదు. పాలకూర తొందరగానే వచ్చింది. పెరట్లో తీగ దగ్గర దాంతో ఎక్కువ కుస్తీ పట్టింది ఊరికే పోలేదు. పక్కన వంకాయలు కూడా అడిగాడు, ఆ మాట ఇందాకటి నుంచీ నోట్లోనే ఉంది కాబట్టి.

ఆవిడ పాలకూర కట్టలు సంచీలో పెట్టి, చెయ్యి అలవాటుకొద్దీ పోయి, పైన కొత్తిమీర కట్ట పడేసింది.

మేస్త్రి దాన్ని చూశాడు. అదొక్కటే అడగలేదు. "కొ," అన్నాడు. "కొ, కొ." ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది, చేతులు మళ్ళీ నోటి మీదికి వెళ్ళాయి. అందరూ ఆగారు. ఆయన మెడ నరాలు పొంగాయి. రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. దగ్గరికి కూడా రాలేదు. ఇవాళ అది రాదని ఆయనకి తెలిసిపోయింది. సంచీలో చెయ్యి పెట్టి, కొత్తిమీర కట్ట తీసి, ఆవిడ బల్ల మీద తడిగుడ్డ కింద దాని చోట దాన్ని పెట్టేశాడు.

"అన్నా, అది ఊరికే ఇచ్చింది," అంది ఆవిడ, ఏడుపు గొంతుతో. "దాన్ని అడగక్కర్లేదన్నా."

మేస్త్రి ఆవిడ చెయ్యి మీద ఒకసారి తట్టి, సంచీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

మెస్‌లో కొత్త మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. గుడ్డలో చుట్టిన సొంత కత్తి పక్కన పెట్టుకున్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. వంటగదిలో పొయ్యి వెలిగించి ఉంది, బాణలిలో నూనె పోసి ఉంది. భార్య మేస్త్రి చేతిలోంచి సంచీ అందుకుని, వంటగది గట్టు మీద ఒక్కొక్కటే తీసి పెట్టింది.

"ఇవి?"

"ఉల్లిపాయలు," అన్నాడు మేస్త్రి. మాట నత్తినత్తిగా ఉంది, కానీ ఉంది.

ఆవిడ మొహంలో ఏ మార్పూ కనిపించనివ్వలేదు. వంకాయలు తీసింది. పాలకూర తీసింది. సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. తిరగేసి దులిపింది. ఉల్లిపొట్టు తప్ప ఏమీ రాలలేదు.

"కొత్తిమీర ఏది? ఆవిడ ఎప్పుడూ ఊరికే వేస్తుందిగా."

మేస్త్రి ఖాళీ చేతులు చాపాడు. తల అడ్డంగా ఊపాడు.

"బావ మర్చిపోయుంటాడులే," అన్నాడు గడప దగ్గరున్న బావమరిది.

ఆవిడ సంచీ మడుస్తూ అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు నిండాయి. "మర్చిపోలేదురా," అంది. "అడగలేకపోయాడు. అందుకని తేలేదు. అంటే ఇక్కడున్నవన్నీ అడిగి తెచ్చినవే." ముక్కు ఎగబీల్చి కొత్త మేస్త్రి కూర్చున్న బల్ల వైపు తిరిగింది. "మీరు టీ తాగి వెళ్ళండి. శ్రమ పెట్టాం, ఏమీ అనుకోకండి. కొత్తిమీర వచ్చే వారం తెస్తాడు."

తలుపు వెనక మేకు మీది ఏప్రన్ తీసి దులిపి ఆయన చేతికిచ్చింది. కాలిన చెయ్యి బిగుసుకుపోయి ముడి వెయ్యడానికి రాక, బావమరిదే వచ్చి వెనక ముడి వేశాడు. మేస్త్రి కత్తి అందుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విని ముందు బల్లల దగ్గర కూర్చున్న పాత ఖాతాదార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నూనె కాగింది. ఎప్పుడూ నిలబడే చోటే, పొయ్యికి వీపు పెట్టి భార్య గిన్నెలు సర్దుతోంది. మేస్త్రి తరిగిన ముక్కలు పళ్ళెంలోకి ఎత్తుకుని, కొత్త గరిటె చేతబట్టుకుని, కాగే నూనె మీద చూపు పెట్టి పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"జరుగు," అన్నాడు.

ఆవిడ జరిగింది. రెండడుగులు వేశాక చేతిలో గిన్నెతో అలాగే ఆగిపోయి, ఆయన వైపు తిరిగింది. మేస్త్రి ఆవిడని చూడనే లేదు. ఉల్లిపాయలు నూనెలో వేసి, మంట కాస్త తగ్గించి, కలుపుతున్నాడు.